నాన్న ఉగ్రస్తంభం ఎక్కాలంటున్నారు: అహోబిలం దాటి అడవిలోకి పోవడానికి ఏం చూసుకోవాలి?

బురుజు_పక్కిల్లు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. వచ్చే శనివారం ఇంటిల్లిపాదీ అహోబిలం పోదామనుకుంటున్నాం. ఎగువ అహోబిలం దాకా చాలాసార్లు పోయాం గానీ గుడి వెనక నుంచి అడవిలోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఈసారి మా నాన్న ఒకటే పట్టు. జ్వాలా నరసింహుణ్ణి చూసి, ఉగ్రస్తంభం (నరసింహుడు చీల్చుకుని వచ్చాడని చెప్పే కొండ బండ) ఎక్కి, వీలైతే అదే రోజు పావన నరసింహుడి గుడి కూడా చూసి రావాలంట. "వచ్చే కార్తీకానికి ఈ కాళ్లు నా మాట వింటాయో లేదో" అంటున్నారు. ఆయనకు 63 ఏళ్లు. ఎడమ మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది, షుగర్ మాత్రలు వేసుకుంటారు. పిల్లలకు ఒకరికి 11, ఒకడికి 7. ఒక్క రోజులో ఇదంతా అవుతుందా? పులుల అడవి అని విని మా ఆవిడకు ఇప్పటి నుంచే టెన్షన్.

ఆళ్లగడ్డ_అబ్బాయి | ఆదివారం, రాత్రి 9:30

ఒక్క రోజులో కాదన్నా. జ్వాల, ఉగ్రస్తంభం ఒక దారి. పావన ఇంకో దిక్కు. రెండూ కలిపితే మీ నాన్న మాట అటుంచు, నీకే మోకాళ్లు పట్టేస్తాయి. పైగా శనివారం పావనకు (మేం పాములేటి స్వామి అంటాం) చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. వండుకోవడాలు, తినడాలు, జాతరే అనుకో. ప్రశాంతంగా అడవి చూద్దామనుకుంటే ఆ రోజు అటు పోవద్దు.

శుక్రవారం సాయంత్రానికే దిగువ అహోబిలం చేరి పడుకో. కర్నూలు నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. తెల్లారి బయల్దేరి వచ్చి అడవి ఎక్కుదామంటే పొద్దంతా రోడ్డు మీదే పోతుంది.

ఓబులేసు_బంటు | ఆదివారం, రాత్రి 10:05

ఇంత భయం దేనికి సామీ? మా తాత చెప్పులు లేకుండా ఎక్కేవాడు, నేను ఎనిమిదో తరగతిలో ఎక్కినా. స్వామి మీద భారం వేసి నడవండి, ఆయనే పైకి లాక్కుంటాడు. ఈ కాలం వాళ్లకి అన్నింటికీ జాగ్రత్తలే.

నల్లమల_నడక | సోమవారం, ఉదయం 6:48

ఓబులేసు_బంటు గారూ, మీ తాతగారు ఆ కొండ కిందే పుట్టి పెరిగిన మనిషి కదా. అడవిలో ఎప్పుడు ఆగాలో ఆయన కాళ్లకే తెలుసు. కర్నూలు నుంచి కారులో వచ్చే వాళ్లకు ఆ లెక్క తెలియదు, అందుకే అడుగుతున్నారు. అడగనివ్వండి.

బురుజు గారూ, నేను ఆ దారి ఏడెనిమిది సార్లు నడిచాను. ఎగువ అహోబిలం గుడి దాటాక భవనాశి వాగు పక్కనే దారి. ముందు వరాహ నరసింహుడు వస్తాడు. అక్కడి దాకా పిల్లలు పరిగెత్తుతూ పోతారు. ఆ తర్వాత రాళ్లు, మెట్లు, మళ్లీ రాళ్లు. జ్వాలకు కొంచెం ముందు కొండ అంచు గొడుగులా ముందుకు వచ్చి ఉంటుంది, పైనుంచి నీళ్లు మన నెత్తి మీదుగా పడుతుంటాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో, కాలు జారడానికి అంత అనువైన చోటు. నాచు పట్టిన రాయి పొడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. నేను ఇద్దరు జారి పడటం చూశాను. ఇద్దరూ సెల్ఫీ తీసుకుంటున్నవాళ్లే.

జ్వాల నుంచి ఉగ్రస్తంభానికి అసలు కొండ మొదలవుతుంది. మెట్లు లేవు. చెట్ల వేర్లు పట్టుకుని, బండల మీద చేతులూ కాళ్లూ వేసి ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాలు వణుకుతుంది. మీ నాన్నగారి మోకాలికి గండం దిగేటప్పుడే. ఇది చాలామందికి తట్టదు.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎగువ అహోబిలంలో ఉదయం ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టాలి, ఎక్కడున్నా సరే మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. స్తంభం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. ఈ నెలలో సూర్యుడు అయిదున్నర దాటాక అస్తమిస్తాడు గానీ, లోయలో అయిదింటికే చీకటి. టార్చి ఉంది కదా అనుకోవద్దు, బండల మధ్య టార్చి వెలుగులో అన్నీ దారుల్లాగే కనిపిస్తాయి.

పులి సంగతి: ఉంది, ఇది పులుల అడవే. కానీ పగలు జనం నడిచే దారిలో మీకు పులి కనిపించడం చాలా అరుదు. నేను భయపడేది ఎలుగుబంటికి. దానికి చూపు తక్కువ, వినికిడీ అంతంతే. చెదపుట్టలో మూతి పెట్టిందంటే ప్రపంచాన్ని మరిచిపోతుంది. మనం చప్పుడు చేయకుండా దగ్గరికి పోయామా, అది ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే మలుపుల దగ్గర మామూలుగా మాట్లాడుకుంటూ నడవండి. కనిపిస్తే పరిగెత్తొద్దు. పిల్లలను మధ్యలో పెట్టుకుని, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి అడుగులు వేయండి.

మాట్లాడమన్నాను గానీ కేకలు వేయమనలేదు. ఆ కొండ అంచుల్లో పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. అరుపులు, సెంటు వాసన, పొగ వాటికి పడవు. అగరబత్తులు గుడిలో చాలు. ఈగలు లేస్తే తువ్వాలుతో ముఖం కప్పుకుని వచ్చిన దారినే దూరంగా పరుగు తీయండి. పరుగెత్తాల్సింది ఇక్కడ, ఎలుగు దగ్గర కాదు.

బురుజు_పక్కిల్లు | సోమవారం, ఉదయం 8:20

నల్లమల_నడక అన్నా, చాలా థాంక్స్. నాన్నకు చదివి వినిపించా. ఎలుగుబంటి దాకా నవ్వుతూ విన్నారు. "దిగేటప్పుడు మోకాలు" అన్న దగ్గర మాత్రం ఏం మాట్లాడలేదు. ఇంకో సంగతి, శనివారం ఆయనకు ఉపవాసం. సాయంత్రం దాకా పాలు తప్ప ఏమీ తీసుకోరు.

క్యాజువాలిటీ_డ్యూటీ | సోమవారం, మధ్యాహ్నం 2:40

ఆ ఉపవాసం మాట చదివే ఇది రాస్తున్నా. నేను కర్నూలులో డాక్టర్‌ని. షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, నాలుగు గంటలు కొండ ఎక్కితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమట్లు, చేతులు వణకడం, తిక్కగా మాట్లాడటం, చివరికి స్పృహ తప్పడం. ఎండకు అలసిపోయారనుకుని మీరు విసురుతూ కూర్చుంటారు. మాత్రల్లో కొన్ని ఇలా చేస్తాయి, కొన్ని చేయవు. అందుకే ఆయన్ను చూసే డాక్టర్‌ను ఈ వారంలోనే కలిసి, ఆ రోజు మాత్ర ఏం చేయాలో అడగండి. మీ అంతట మీరు మానిపించొద్దు. అడిగినా అడగకపోయినా జేబులో గ్లూకోజ్ పొడి, బెల్లం ముక్క ఉండాలి. ఉపవాసం ఇంకో శనివారం ఉండొచ్చు, లేదా నడక ఇంకో రోజు పెట్టుకోవచ్చు. రెండూ ఒకే రోజు వద్దు.

నీళ్లు మనిషికి కనీసం రెండు లీటర్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసిన కొలతకే కలపండి. చిక్కగా కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ.

పాము గురించి ఎవరూ రాయలేదు, నేనే రాస్తా. కాటు పడితే పైన తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఈ మూడూ వద్దు. తాడు కట్టుకుని నల్లబడిన కాళ్లతో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు తీసేయండి, వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. విరిగిన కాలికి కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించండి. 108కి ఫోన్ చేయండి. పామును చంపి పట్టుకురావాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ మన దగ్గర ఒకటే మందు. చెట్టు వేరు, మంత్రం పేరుతో పోయే గంట మాకు మళ్లీ దొరకదు.

ఓబులేసు_బంటు | సోమవారం, సాయంత్రం 5:15

డాక్టర్ మేడం, పాము మంత్రం గురించి మీతో వాదన పెట్టుకోను. ఉపవాసం సంగతి కూడా ఒప్పుకుంటా. మా అమ్మకూ షుగరే.

క్యాజువాలిటీ_డ్యూటీ | సోమవారం, సాయంత్రం 6:02

మేడం కాదు, సార్. ఫరవాలేదు.

ఆత్మకూరు_పంతులమ్మ | సోమవారం, రాత్రి 9:55

దారి తప్పడం గురించి నా అనుభవం చెప్తాను. ఇది అహోబిలం వైపు కాదు, ఇదే నల్లమలలో ఉత్తరాన. శివరాత్రికి మా ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచే దారి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వెంకటాపురంలో అడవి మొదలై నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుతుంది. శివరాత్రి రోజుల్లో వేలమంది నడుస్తారు, అడుగడుగునా నీళ్లు, అన్నదానాలు. నేను మూడుసార్లు ఆ జనంలో నడిచి, ఇక ఈ అడవి నాకు తెలుసు అనుకున్నా.

ఒక ఏడాది జనం పలచబడ్డాక, మేం నలుగురు ఆడవాళ్లం పెచ్చెర్వు దాటాక కాస్త పక్కకు దిగాం. వెదురు పొద వెనక చల్లగా ఉందని కూర్చున్నాం, అంతే. లేచి వచ్చిన వైపే నడిచాం అనుకున్నాం. పావుగంట తర్వాత దారిలో చెప్పుల గుర్తులు లేవని మా తోడికోడలు గమనించింది. అప్పుడు చేసిన తప్పు ఏమిటంటే, ఆగకుండా "ఇటే ఉండాలి" అంటూ ఇంకో అరగంట నడిచాం. ఎండుటాకుల చప్పుడుకు మా అడుగులే ఎవరో వెంట వస్తున్నట్టు వినిపించాయి. ఫోన్లలో ఒక్క గీత కూడా లేదు. ఒకామె ఏడవడం మొదలుపెడితే మిగతా ముగ్గురం ఆమె మీద అరిచాం. ఇప్పటికీ ఆ మాటకు సిగ్గుపడతాను.

చివరికి ఒక బండ మీద కూర్చుండిపోయాం. గంట తర్వాత తేనెకు వచ్చిన ఒక చెంచు ముసలాయన కనిపించాడు. మా అరుపులు ఎప్పుడో విన్నాడట, కానీ మేం ఒకచోట నిలవకపోతే ఎటని రావాలి అన్నాడు. దారి మాకు రెండు వందల గజాల దూరంలోనే ఉంది.

అప్పటి నుంచి పిల్లల మెళ్లో ఈల వేస్తాను. దారి తప్పాం అనిపించిన క్షణంలో ఆగి, మూడుసార్లు ఈల ఊది, కూర్చోవడమే. బురుజు తమ్ముడూ, మీ ఏడేళ్లవాడికి ఇది ముందే ఆటలా నేర్పించు.

తుంగభద్ర_ఒడ్డు | మంగళవారం, ఉదయం 7:30

పంతులమ్మ గారి మాటకు ఇంకోటి కలుపుతా. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలింది ఈ నల్లమలలోనే, పావురాలగుట్ట మీద. రాష్ట్రం మొత్తం వెతికింది. ఆచూకీ దొరికింది మర్నాడు పొద్దున. ఆ రాత్రి కర్నూలులో ఎవరం నిద్రపోలేదు. అంత పెద్ద మనిషి కోసం వెతికితేనే అంత సేపు పట్టింది. మన ఫోన్ లొకేషన్ చూసి ఎవరో పరిగెత్తుకొస్తారని అనుకోవద్దు. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి దిగుతారో కింద బస చేసిన చోట చెప్పి పొండి.

కడప_పిట్టలోడు | మంగళవారం, ఉదయం 9:10

నల్లమల నల్లమల అంటారు గానీ మా లంకమల వైపు కూడా ఒకసారి చూడండప్పా. కలివికోడి ఉండేది మా దగ్గరే. అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో సిద్ధవటం వైపు మళ్లీ దొరికింది. అది కూడా ఒక పిట్టలు పట్టే మనిషి వల్ల, పేరు ఐతన్న. పుస్తకాలు చదివినవాళ్లు ఏళ్ల తరబడి వెతికితే, రాత్రిపూట లైటు పట్టుకుని తిరిగేవాడికి దొరికింది. నిత్యపూజకోన కూడా...

నల్లమల_నడక | మంగళవారం, ఉదయం 9:25

పిట్టన్నా, లంకమలకు వేరే థ్రెడ్ మొదలుపెట్టు, అందరం వస్తాం. ఇక్కడ వీళ్ల నాన్నను ముందు కొండ దించనీ.

బేస్‌క్యాంపు_మేనల్లుడు | మంగళవారం, రాత్రి 8:44

మా మామ అటవీశాఖలో ప్రొటెక్షన్ వాచర్. ఆయన చెప్పినవి రాస్తున్నా. అభయారణ్యంలో అనుమతి ఉన్న దారిలో పోవచ్చు, పక్కకు దిగితే కేసు అవుతుంది. డ్రోన్ అసలు తీసుకురావద్దు. ప్లాస్టిక్ సంచుల్లో తినుబండారాలు వద్దు, కోతులు మీ చేతిలోంచి కాదు, ఏకంగా మీ భుజం మీంచి లాక్కుంటాయి. పొయ్యి పెట్టొద్దు. ఇప్పుడు పచ్చగా ఉన్న బోద గడ్డి ఫిబ్రవరికి కాగితంలా ఎండిపోతుంది, ఒక్క బీడీ ముక్క చాలు కార్చిచ్చుకు.

తిరుగు ప్రయాణంలో శ్రీశైలం కూడా చూద్దామనుకునే వాళ్లకు: దోర్నాల నుంచి శ్రీశైలం పోయే అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు దగ్గర బతిమాలినా వదలరు, వదలకూడదు కూడా.

ఉగ్రస్తంభానికి తోడు మనిషి లేకుండా పోవద్దంటాడు మామ. ఎగువ అహోబిలంలో అడిగితే దారి తెలిసినవాళ్లు దొరుకుతారు. చెంచులైతే ఇంకా మంచిది. చెంచులక్ష్మి వాళ్ల ఆడపడుచు, నరసింహుడు వాళ్ల ఇంటి అల్లుడు. అల్లుడి ఇంటికి దారి వాళ్ల కంటే ఎవరికి తెలుసు? డబ్బు ముందే మాట్లాడుకోండి, తర్వాత గీచి గీచి బేరం చేయొద్దు.

బురుజు_పక్కిల్లు | బుధవారం, రాత్రి 9:20

బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో చెప్తున్నారు. శుక్ర, శనివారాలు వాన అంట. ఇక్కడ మాత్రం ఆకాశం తళతళలాడుతోంది. గది కూడా బుక్ చేసేశా. పోవచ్చా?

ఆళ్లగడ్డ_అబ్బాయి | బుధవారం, రాత్రి 9:26

వద్దు.

నల్లమల_నడక | బుధవారం, రాత్రి 9:41

వద్దంటే వద్దు. గది డబ్బులు పోతే పోనీ. భవనాశిని మీరు ఎప్పుడూ చీలమండ లోతులోనే చూసి ఉంటారు. పైన కొండల్లో కురిస్తే, కింద ఎండ కాస్తుండగానే వాగు లేస్తుంది. నీళ్లు మడ్డిగా మారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే ఒక్క క్షణం కూడా వాగులో ఉండకూడదు. మీరు అవతలి ఒడ్డున ఉంటే అక్కడే ఎత్తైన చోట కూర్చోవాలి. తగ్గేదాకా దాటొద్దు. మోకాలి లోతు పారే నీళ్లు పెద్దవాళ్లనే పడగొడతాయి, ఏడేళ్లవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఒక వారం ఆగి పొండి. వాన తర్వాత రెండు రోజులు ఎండ కాస్తే నడకకు అంతకంటే మంచి సమయం లేదు. పిడుదులు (ఒంటికి పట్టి రక్తం పీల్చే పురుగులు) మాత్రం ఎక్కువుంటాయి, రాత్రి స్నానానికి ముందు చెవుల వెనక, నడుము దగ్గర చూసుకోండి.

బురుజు_పక్కిల్లు | బుధవారం, రాత్రి 10:30

వాయిదా వేశాం. నాన్న అలిగి అన్నం తినకుండా పడుకున్నారు.

ఓబులేసు_బంటు | గురువారం, ఉదయం 6:15

అలిగినా మంచిదే. వచ్చే వారం నేను కూడా ఆ వైపే ఉంటా, మీ నాన్నతో నేను మాట్లాడతా.

బురుజు_పక్కిల్లు | ఆదివారం, రాత్రి 10:15 (పది రోజుల తర్వాత)

పోయి వచ్చాం! అందరికీ దండాలు. కాస్త పొడవుగా రాస్తున్నా.

శుక్రవారం రాత్రి దిగువన పడుకుని, శనివారం ఉదయం ఆరుంబావుకు ఎగువన నడక మొదలుపెట్టాం. డాక్టర్ సార్, నాన్న మాత్ర గురించి వాళ్ల డాక్టర్‌ను అడిగాం, ఆ రోజుకు ఉపవాసం కూడా మాన్పించాం. ఎలాగంటే, ఓబులేసు_బంటు గారు ఫోన్లో "స్వామి దర్శనం అయ్యేదాకా ప్రసాదం అనుకుని తినండి" అన్నారు. మేం వారం రోజులు చెప్పినా విననిది ఆయన ఒక్క మాటకు విన్నారు. దారిలో జొన్నరొట్టె, బుడ్డల పొడి (వేరుశనగల పొడి లెండి), పెరుగన్నం. చెరొక వెదురు కర్ర కొన్నాం. ఆ కర్ర లేకపోతే నేనే రెండుసార్లు పడేవాణ్ణి.

జ్వాల చేరేసరికి తొమ్మిది దాటింది. నీళ్లు నెత్తి మీద పడుతుంటే పెద్దది ఎగిరి గంతులేసింది, దాన్ని పట్టుకోవడమే పని. నాన్న అక్కడి నీటి గుండం, రక్తకుండం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత పైకి, ఉగ్రస్తంభం దారి వైపు చూశారు. మాతో వచ్చిన చెంచు పెద్దాయన నాన్న మోకాలు వైపు చూసి, "అయ్యా, ఎక్కిస్తా. దించడమే నా వల్ల కాదు" అన్నాడు. మేం అదే అంటే గొడవ అయ్యేది. నాన్న నవ్వి బండ మీద కూర్చున్నారు. చిన్నోడు, మా ఆవిడ తోడున్నారు.

పెద్దమ్మాయి, నేను, ఆ చెంచు పెద్దాయన పైకి పోయాం. ఒంటిగంట నియమం గుర్తుపెట్టుకుని ఫోన్లో అలారం పెట్టా. అలారం మోగేసరికి ఇంకా ఒక బండల వరస మిగిలే ఉంది. పైన జెండా కనిపిస్తోంది కూడా. నిజం చెప్పాలంటే ఆపేశా ఆ అలారాన్ని, ఇంకో పది నిమిషాలే కదా అని. అప్పుడు పాప "మూడు ఈలలు ఊదాలా నాన్నా?" అని అడిగింది. తిరిగాం.

దిగేసరికి చిన్నోడు పంతులమ్మ గారి ఈలతో అక్కడున్న యాత్రికులందరినీ విసిగించి పెట్టాడు. ఎలుగు కనిపించలేదు. దారి పక్కన తవ్వేసిన చెదపుట్ట ఒకటి కనిపించింది, మట్టి ఇంకా తడిగానే ఉంది. దాని పక్కన నడిచినంతసేపు మేమంతా గట్టిగా హనుమాన్ చాలీసా చదివాం.

ఎగువకు చేరేసరికి నాలుగున్నర. నాన్న మోకాలు కొంచెం వాచింది, నొప్పి తైలం రాస్తున్నాం.

క్యాజువాలిటీ_డ్యూటీ | ఆదివారం, రాత్రి 10:40

మొదటి రెండు రోజులు తైలంతో గట్టిగా రుద్దొద్దు. ఐస్ పెట్టండి, కాలు దిండు మీద ఎత్తిపెట్టి పడుకోమనండి. వాపు తగ్గకపోతే చూపించండి.

ఆత్మకూరు_పంతులమ్మ | ఆదివారం, రాత్రి 10:52

ఆ ఈల వాడి దగ్గరే ఉండనీ తమ్ముడూ. ఇంట్లో ఊదకుండా చూసుకో, అంతే.

ఓబులేసు_బంటు | సోమవారం, ఉదయం 6:05

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఉగ్రస్తంభం మీద జెండా చూశారా అని అడిగారా ఆయన?

బురుజు_పక్కిల్లు | సోమవారం, ఉదయం 8:10

అడిగారు. పాప ఫోన్లో తీసిన ఫొటో చూపించింది. కళ్లద్దాలు పెట్టుకుని పెద్దది చేసి చూసి, "ఇది డోలీలో పోయే చోటు కాదులే" అన్నారు. ఇప్పుడు సంక్రాంతి తర్వాత పారువేటకు పోదామంటున్నారు. దానికి కొండ ఎక్కక్కర్లేదు, స్వామే ఊళ్లకు వస్తాడంట కదా?

ఆళ్లగడ్డ_అబ్బాయి | సోమవారం, ఉదయం 8:22

అవునన్నా, పల్లె పల్లెకూ వస్తాడు. మా ఊరికి ఏ రోజు వస్తాడో తెలిశాక ఇక్కడే రాస్తా. భోజనం మా ఇంట్లోనే.